డబుల్ ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంపు: మిషన్‌కి నాలుగు స్టార్లు, మిగతాది మీరుండే చోటుని బట్టి

నేరుగా విషయానికి వస్తాను. పంపు మంచిదే, నాలుగు స్టార్లు ఇస్తున్నాను. నేను కొన్నప్పుడు 4,500 రూపాయలు, రెండు వైపులా ఒకేసారి పెట్టుకునే రకం, ఫోన్‌లా ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. ఆఫీసులో మళ్లీ చేరాక కూడా బాబుకి డబ్బా పాలు అలవాటు చేయకుండా నెట్టుకొచ్చానంటే అందులో దీని వంతు చాలా ఉంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ధరలో దొరికే మిషన్లు ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి, నేను చెప్పబోయేది వాటన్నిటికీ సరిపోతుంది.

కొనేముందు నేను చదివిన రివ్యూలన్నీ సక్షన్ (లాగే బలం) ఎంత, శబ్దం ఎంత, ఛార్జింగ్ ఎంతసేపు వస్తుంది అనే వాటి చుట్టూనే తిరిగాయి. ఈ మిషన్ పనికి రావాలంటే మిషన్ బయట ఏమేం ఉండాలో ఎవరూ రాయలేదు. పిండిన పాలు పెట్టడానికి ఫ్రిజ్ కావాలి, ఆ ఫ్రిజ్‌కి ఆగని కరెంటు కావాలి, రొమ్ముకి ఆనించుకునే గరాట్లని రోజూ మరిగించడానికి నీళ్లూ గ్యాసూ కావాలి, తలుపేసుకోవడానికి గది కావాలి, మనం లేనప్పుడు ఆ పాలు పట్టడానికి నమ్మకమైన మనిషి కావాలి, వీటన్నిటికంటే ముందు ఇరవై నిమిషాలు కూర్చోనిచ్చే ఉద్యోగం కావాలి. నాకు హైదరాబాద్‌లో ఇవన్నీ ఉన్నాయి. గుంటూరులో మా అమ్మవాళ్ల వీధిలో చాలామందికి లేవు. మా అపార్ట్‌మెంట్ వెనక బస్తీలో అయితే ఇంకా తక్కువమందికి ఉన్నాయి. నేను బాలింతగా గుంటూరులోనూ, తర్వాత హైదరాబాద్‌లోనూ దీన్ని వాడాను, చుట్టుపక్కల ఆడవాళ్లతో మాట్లాడాను. అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగ్గా ఉంటుంది.

ముందు మిషన్ సంగతి చెప్పేస్తాను. రెండు మోడ్‌లు ఉంటాయి. మొదటిది తేలిగ్గా, గబగబా లాగుతుంది, పాలు దిగడానికి. దిగడం మొదలయ్యాక రెండో మోడ్‌కి మార్చుకోవాలి, అది నెమ్మదిగా, లోతుగా లాగుతుంది. మొత్తం తొమ్మిది లెవెల్స్ ఉన్నాయి కానీ నాకు నాలుగు, ఐదు దాటి ఎప్పుడూ అవసరం రాలేదు. ఎక్కువ పెడితే ఎక్కువ పాలు వస్తాయని అనుకోకండి, నొప్పి పుడితే పాలు దిగడమే ఆగిపోతుంది. పాలు దిగాలంటే ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదల కావాలి, నొప్పి ఉన్నా టెన్షన్ ఉన్నా అది సరిగా విడుదల కాదు. మీటింగ్ మధ్యలో లేచి వెళ్లి పెట్టుకున్న రోజు సీసాలో అడుగు కూడా తడవదు, అదే ఆదివారం పొద్దున బాబు పక్కన ఉండగా పెట్టుకుంటే నిండిపోతుంది. మిషన్ అదే, మనిషీ అదే.

గరాటు సైజు అన్నిటికంటే ముఖ్యం. డబ్బాలో 24 మిల్లీమీటర్లు, 28 మిల్లీమీటర్లు అని రెండు సైజులు వచ్చాయి. చనుమొన అడ్డం కొలత కంటే గరాటు గొట్టం కాస్త పెద్దగా ఉండాలి, అంతే. మరీ పెద్దదైతే చుట్టూ ఉన్న చర్మాన్ని కూడా లోపలికి లాగి వాపు తెస్తుంది, పాలూ సరిగా రావు. "ఈ పంపు దండగ, పాలు రావట్లేదు" అని ఒక్క స్టారు ఇచ్చినవాళ్లలో చాలామంది సమస్య ఇదే అయి ఉంటుందని నా అనుమానం. రెండూ పెద్దవే అనిపిస్తే లోపల పెట్టుకునే సిలికాన్ ముక్కలు విడిగా దొరుకుతాయి, అవి తెప్పించుకోండి.

తెల్లటి చిన్న సిలికాన్ వాల్వులు ఉంటాయి, బాతు ముక్కు ఆకారంలో. మిషన్ ప్రాణం వాటిలోనే ఉంది. వాడేకొద్దీ వాటి చీలిక వదులవుతుంది, సక్షన్ పడిపోతుంది, పాలు తగ్గిపోతాయి, మనమేమో మనకే పాలు ఇంకిపోతున్నాయని భయపడతాం. నాకూ అదే జరిగితే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను, మోటారు పోయి ఉంటుంది, సర్వీస్ సెంటర్‌కి పంపండి అన్నారు. పంపకుండా కొత్త వాల్వులు తెప్పించి వేసుకుంటే మళ్లీ మొదటి రోజులా పనిచేసింది. అసలే నిద్ర లేక, పాలు చాలవేమోనని కుమిలిపోయే బాలింతకి ఇలాంటి జవాబు చెప్పడం అన్యాయం. ఒక స్టారు కోసింది అందుకే. డబ్బాలో ఇంకో జత వాల్వులు పెట్టి, వీటిని మారుస్తుండాలని పెద్దక్షరాలతో రాస్తే కంపెనీకి పోయేదేమీ లేదు.

ఇక ఇది క్లోజ్డ్ సిస్టమ్. అంటే పాలు వెనక్కి వెళ్లి ట్యూబులోకి, మోటారులోకి పోకుండా మధ్యలో ఒక సిలికాన్ పొర ఉంటుంది. చవక రకాల్లో కొన్నిటికి ఇది ఉండదు, ట్యూబుల్లో తేమ చేరి బూజు పడుతుంది, అలాంటివి కొనకండి, ఎవరైనా వాడినవి అస్సలు తీసుకోకండి.

ఇప్పుడు చోటు సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందరికీ తెలుసు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, మంచినీళ్లు కూడా వద్దు, తర్వాత మిగతా తిండితో పాటు రెండేళ్లు, ఆ పైన కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం మన దేశంలో ఆరు నెలల్లోపు పిల్లల్లో 63.7 శాతం మంది తల్లిపాల మీదే ఉన్నారు. డబ్బున్న చోట ఈ సంఖ్య ఎక్కువ, లేని చోట తక్కువ అని మనకి అనిపిస్తుంది, ఎందుకంటే ఆరోగ్యానికి సంబంధించిన చాలా విషయాల్లో అలాగే ఉంటుంది. తల్లిపాల విషయంలో అలా లేదు. పేద దేశాల్లో పేద తల్లులే ఎక్కువ కాలం పాలిస్తారని 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన వరుస తేల్చింది. మన దగ్గర కూడా మొత్తం మీద చూస్తే పల్లెల్లో, పేద ఇళ్లలో ఎక్కువ కాలం పాలిస్తారు.

నా చుట్టూ చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, డబ్బున్న వీధిలో పాలు ఒకచోట తెగుతాయి, అంటే పాలివ్వడం ఆగిపోతుంది, లేని వీధిలో ఇంకోచోట తెగుతాయి. పంపు వాటిలో ఒక్క చోటనే అతకగలదు.

డబ్బున్న వీధిలో మొదటి తెగుడు ఆసుపత్రిలోనే మొదలవుతుంది. అదే సర్వేలో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ అంత లేదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఆపరేషన్ అయిన తల్లి లేచి కూర్చోలేదు, బిడ్డని పక్క గదిలో పెడతారు, మొదటి గంట దాటిపోతుంది. దేశం మొత్తంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు 41.8 శాతమే, అంటే సగానికి పైగా పిల్లలకి ముర్రుపాలు ఆ గంటలో అందడం లేదు. నా కాన్పు కూడా ఆపరేషనే. ఎక్కువ బిల్లు వేసే ఆసుపత్రి, గదిలో సోఫా, టీవీ, అన్నీ ఉన్నాయి, నాకు మత్తు దిగేసరికి బాబుకి డబ్బా పాలు పట్టేశారు. "పాలు పడలేదు కదమ్మా" అన్నారు నర్సులు. మొదటి రెండు మూడు రోజులు వచ్చేది చెంచాల్లో కొలిచే ముర్రుపాలే, బిడ్డకి సరిపడేది కూడా అంతే, పొట్టే అంత చిన్నది. ఆ మాట చెప్పేవాళ్లు ఒక్కరుంటే చాలు. శిశు ఆహారాల ప్రకటనల్ని అరికట్టే చట్టం మనకి 1992 నుంచి ఉంది, 2003లో దాన్ని ఇంకా బిగించారు, రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రకటన ఇవ్వకూడదు. మరి ఆసుపత్రి గదిలో చేతికిచ్చే డబ్బా కంటే పెద్ద ప్రకటన ఏముంటుంది?

అక్కడి నుంచి నన్ను బయటపడేసింది పంపు కాదు, మా అమ్మ. గుంటూరు తీసుకెళ్లి, రాత్రీ పగలూ బాబుని రొమ్ముకి పెట్టించి, "తాగేకొద్దీ పడతాయే, పీడించకు నన్ను" అంటూ పక్కనే కూర్చుంది. ఆవిడ చెప్పింది నిజమే. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది, డబ్బా పాలు పట్టిన ప్రతిసారీ ఆ మేరకు తయారీ తగ్గుతుంది. పంపు నాకు ఆ రోజుల్లో గడ్డకట్టిన రొమ్ముని మెత్తబరచడానికి, అదనంగా ఒక విడత పిండి ఉత్పత్తి పెంచడానికి ఉపయోగపడింది. ఆ పాలు సీసాతో పట్టకుండా ఉగ్గుగిన్నెతో పట్టింది అమ్మ, సీసా అలవాటైతే రొమ్ము పట్టడని. పిల్లల డాక్టరు కూడా అదే మంచిదన్నారు.

గుంటూరులో పంపు వాడటంలో ఇబ్బంది కరెంటుతో వచ్చింది. మిషన్‌కి ఛార్జింగ్ ఉంటుంది, అది సమస్య కాదు. సమస్య ఫ్రిజ్. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలలు అని అందరూ చెబుతారు. గుంటూరు మే నెలలో 25 డిగ్రీల గది ఏసీ ఉన్నవాళ్లకే సాధ్యం. కరెంటు గంటల తరబడి పోతే ఫ్రిజ్‌లో పాలు కూడా నమ్మలేం, ఎన్నోసార్లు పారబోశాను, పారబోస్తుంటే ఎంత బాధగా ఉంటుందో పిండినవాళ్లకే తెలుస్తుంది. ఇన్వర్టరు ఉన్న ఇల్లు, లేని ఇల్లు, ఒకే వీధిలో ఈ తేడా పాల మీద పడుతుంది.

అదే వీధి చివర మాకు పిన్ని వరసయ్యే ఆవిడ కోడలు ఉంది, మిరపకాయల పనికి వెళ్తుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, గుంటూరు మిర్చి యార్డుకి, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకి వచ్చే కాయల తొడిమలు తీసే పని ఎక్కువగా ఆడవాళ్లదే, కిలోల లెక్కన కూలి. పొద్దున్నే ఆటోలో వెళ్తే పొద్దుగూకాక వస్తారు. పసిబిడ్డని వెంట తీసుకెళ్లలేరు, ఆ ఘాటుకి పెద్దవాళ్లే దగ్గి దగ్గి చస్తారు. చేతులు మండుతుంటాయి, కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా ఆ మంట వేళ్లలో మిగిలే ఉంటుంది. ఆ చేతులతో రొమ్ము పట్టుకుని బిడ్డ నోట్లో పెట్టడానికి ఆమె ఎంత భయపడేదో చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. "ఇంటికొచ్చి స్నానం చేసేదాకా ముట్టుకోను వదినా, అప్పటికి వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోతాడు" అంది. పగలు అత్తగారు గేదె పాలల్లో నీళ్లు కలిపి పడుతుంది. రాత్రి మాత్రం తల్లిపాలే, తెల్లవార్లూ.

ఆమెకి ఈ పంపు ఇస్తే? మధ్యాహ్నం పని ఆపి ఎక్కడ కూర్చుని పెట్టుకుంటుంది, చేతులు ఎక్కడ కడుగుతుంది, పాలు సాయంత్రం దాకా ఎక్కడ దాస్తుంది, ఆ ఇరవై నిమిషాల కూలి ఎవరిస్తారు? కిలోల లెక్క కాబట్టి ఆగిన ప్రతి నిమిషం డబ్బే. పగలంతా పిండకపోతే రొమ్ములు బిగిసిపోయి నొప్పి, జ్వరం, కొన్ని రోజులకి పగటి పాలు తగ్గిపోతాయి. ఆమె పాలు తగ్గడానికి కారణం ఆమె ఒంట్లో లేదు, కూలి లెక్కలో ఉంది.

హైదరాబాద్ వచ్చాక నా కథ వేరు. చట్ట ప్రకారం నాకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది, 2017 సవరణకి ముందు అది 12 వారాలే. 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చని కూడా అందులోనే ఉంది. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి విరామాలు ఇవ్వాలనేది అంతకు ముందు నుంచీ ఉంది. ఇవన్నీ కాగితం మీద ఎంత బాగున్నాయో, అమలు మేనేజరుని బట్టి ఉంటుంది. మా దగ్గర పాలు పిండుకోవడానికి గది ఇచ్చారు, గొళ్లెం సరిగా పడదు, ఎవరో ఒకరు తలుపు తోస్తారేమోనని ఒక కన్ను అటే. పంపు శబ్దం గురించి చెప్పాలంటే, పక్క గదిలోకి వినపడదు, అదే గదిలో ఫోన్ మాట్లాడితే అవతలివాళ్లకి ఏదో మోటారు తిరుగుతున్నట్టు వినపడుతుంది. ఆఫీసు ఫ్రిజ్‌లో పాలసీసా పెట్టడానికి మొహమాటపడకండి, స్టీలు డబ్బాలో పెట్టి మూతేసి పేరు రాయండి, ఐస్ ప్యాక్ ఉన్న బ్యాగ్ ఒకటి కొనుక్కోండి, ఇంటికి చేరేదాకా చల్లగా ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా భయం ఉండదు.

మా అపార్ట్‌మెంట్లలో పాలు రెండోసారి తెగేది ఇక్కడే, ఆఫీసుకి తిరిగి వెళ్లినప్పుడు. అదే సమయంలో తమ ఆఫీసుల్లో మళ్లీ చేరిన ఇద్దరు ముగ్గురు నెల తిరక్కుండా డబ్బా పాలకి మారిపోయారు, గది లేక ఒకరు, క్లయింట్ కాల్స్ మధ్య టైం దొరక్క ఒకరు. పంపు సరిగ్గా ఈ అతుకు కోసమే తయారైంది, ఈ పని బాగా చేస్తుంది. సెలవు దొరికిన ఉద్యోగి, ఫ్రిజ్ ఉన్న ఇల్లు, అమ్మో అత్తగారో ఆయానో పగలు చూసుకునే బిడ్డ. మీరు ఈ గుంపులో ఉంటే ఆలోచించకుండా కొనండి.

మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి మూడో నెల నిండకముందే మళ్లీ పనిలోకి వచ్చింది. ఇళ్లలో పనిచేసేవాళ్లకి ఆ 26 వారాల చట్టం వర్తించదు. మొదటి బిడ్డకి కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బు 5,000 రూపాయలు, అది ఎన్ని వారాల ఇంటి అద్దెకి వస్తుందో మీరే లెక్కేసుకోండి. నా పంపు చూసి అడిగింది, "అక్కా, మీరు వాడటం అయిపోయాక ఆ మిషన్ నాకిస్తారా?" అని. ఇవ్వకూడదని కాదు, ఒకరు వాడిన పంపు ఇంకొకరు వాడొద్దనే తయారుచేసినవాళ్లు కూడా చెబుతారు. కూర్చుని మాట్లాడుకుంటే అసలు ఆమెకి దానితో అవసరమే లేదని తేలింది. ఆమె గది మా గోడ వెనకాలే. మా ఇంట్లో పని అయ్యాక పక్క బ్లాకుకి వెళ్లే ముందు పరిగెత్తుకెళ్లి పాపకి పాలిచ్చి వస్తుంది. వాళ్లమ్మ పాపని ఎత్తుకుని గేటు దాకా వచ్చిన రోజులూ ఉన్నాయి. సెక్యూరిటీ గార్డు లోపలికి రానివ్వకపోతే మేమంతా కలిసి కమిటీతో మాట్లాడి, కింద కమ్యూనిటీ హాల్ పక్క గదిలో కూర్చోనిచ్చే ఏర్పాటు చేయించాం. పెద్ద పాపకి రెండున్నరేళ్లు వచ్చేదాకా పాలిచ్చిందట, ఈ పాపకీ అలాగే ఇస్తానంటుంది. మా బ్లాకులో అంత కాలం ఇచ్చినవాళ్లు నాకు తెలిసి లేరు.

మా పనమ్మాయి ఆడపడుచుది ఇంకో కథ. ఊరి చివర సొంత ఇల్లు వచ్చింది, లిఫ్టు, నీళ్లు, రెండు గదులు, ఇక్కడి బస్తీ గదితో పోలిస్తే ఎంతో నయం. పని మాత్రం ఇక్కడే, ఒక బట్టల షాపులో రోజంతా నిలబడి అమ్మే ఉద్యోగం. రెండు బస్సులు మారి రావాలి. బిడ్డకి నాలుగో నెల రాకముందే పగటి పాలు ఆగిపోయాయి, తర్వాత మొత్తంగా. ఇద్దరికీ చదువు ఒకటే, వయసు కాస్త అటూ ఇటూ, ఒకే కుటుంబం, మారింది ఇంటికీ పనికీ మధ్య దూరమే. ఇల్లు మారినప్పుడు అద్దె, స్కూలు, బస్సు అన్నీ చూసుకుంటాం, పాలిచ్చే తల్లికి పని ఎంత దూరమో చూసేవాళ్లు ఎవరున్నారు?

డబ్బా పాల ఖర్చు కూడా చెప్పాలి, పంపు ధరతో పోల్చుకోవడానికి. నాలుగైదు నెలల బిడ్డ రోజుకి 800 మిల్లీలీటర్లు తాగుతుందనుకుందాం. 30 మిల్లీలీటర్లకి ఒక చెంచా, చెంచాకి నాలుగున్నర గ్రాములు, మొత్తం రోజుకి 120 గ్రాములు. 400 గ్రాముల డబ్బా మూడు రోజులు దాటి నాలుగో రోజుకి రాదు. డబ్బా 400 రూపాయలే అనుకున్నా నెలకి 3,600. అంటే నెలా పది రోజుల్లో పంపు డబ్బులు వచ్చేస్తాయి, నాలాంటివాళ్లకి ఇది లాభసాటి లెక్క. షాపులో నిలబడే ఆ అమ్మాయికి అదే 3,600 జీతంలో పెద్ద ముక్క, అందుకే డబ్బాని ఐదు రోజుల దాకా లాగుతారు, మూడు చెంచాల చోట రెండు, నీళ్లు అవే. బిడ్డ పొట్ట నిండుతుంది, బరువు పెరగదు. నీళ్లు సరిగా మరగకపోతే విరేచనాలు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే చోట, డ్రమ్ముల్లో పట్టుకున్న నీళ్లతో రోజుకి ఆరేడు సీసాలు కడిగి మరిగించడం అయ్యే పని కాదు. పంపు గరాట్లకీ ఇదే సమస్య.

ఇక్కడ ఇంకో మాట, బస్తీకి ఉన్నది మాకు లేనిది. పుట్టిన మూడో రోజు నుంచి 42వ రోజు దాకా ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బిడ్డ బరువు చూసి, పాలు పడుతున్నాయా, ఎలా పట్టుకుంటున్నావు అని అడుగుతుంది, డబ్బు తీసుకోదు. మా గేటెడ్ కమ్యూనిటీకి ఆమె రాదు, రానివ్వరు కూడా. నేను పాలు పట్టించడం నేర్పే కన్సల్టెంటుని పిలిపించుకుంటే ఒక్కసారికి 2,000 తీసుకుంది. చెప్పింది చాలావరకు ఆశా అక్క చెప్పేదే, బిడ్డ నోరు పెద్దగా తెరిచాకే పెట్టు, నల్లని వలయం కూడా నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి అని. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకీ బాలింతలకీ రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు, మంచి పథకం. కాకపోతే అక్కడే కూర్చుని తినాలి, మధ్యాహ్నం వేళ పనిలో ఉన్న తల్లి ఎలా వెళ్తుంది?

మా చిన్న వదిన న్యూజెర్సీలో ఉంటుంది, ఆమెకి పంపు ఇన్సూరెన్స్‌లో ఉచితంగా వచ్చింది. 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం వల్ల అక్కడ చాలా ఇన్సూరెన్సులు పంపు ఇవ్వాల్సిందే. నాకు అసూయ వేసింది, సెలవు గురించి అడిగేదాకా. దేశం మొత్తానికి వర్తించే చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. ఆమె ఉండే రాష్ట్రంలో కొంత డబ్బు వస్తుంది, మిగతా రాష్ట్రాల్లో చాలాచోట్ల అదీ లేదు. అక్కడ మనకి తలకిందులుగా ఉంటుంది, డబ్బున్న ప్రాంతాల తల్లులు ఎక్కువ కాలం పాలిస్తారు, పేద ప్రాంతాల్లో త్వరగా ఆగిపోతాయి. ఇంగ్లండ్‌లో కూడా అంతే. గంటల లెక్కన పనిచేసే తల్లి రెండో వారంలోనో మూడో వారంలోనో పనికి పోవాల్సి వస్తే మిషన్ ఉచితమైనా ఏం లాభం? మన పల్లెల్లో పేద తల్లి ఎక్కువ కాలం ఇస్తుందంటే అందులో అమ్మ, అత్త, పక్కింటి పిన్ని ఉన్నారు, బిడ్డని చంకనేసుకుని వెళ్లగలిగే పనులున్నాయి. ఆ పనులు పోయి షాపులు, ఫ్యాక్టరీలు, దూరపు బస్సులు వచ్చేకొద్దీ మన బస్తీలు కూడా అటువైపే వెళ్తాయేమోనని నాకు నిజంగా భయంగా ఉంది.

ఫ్రిజ్ లేనివాళ్లకి, పంపు కొనలేనివాళ్లకి నేను గట్టిగా చెప్పేది చేత్తో పిండటం నేర్చుకోమని. చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించి ఆరబెట్టిన స్టీలు గిన్నె పెట్టుకుని, బొటనవేలు వలయానికి పైన, చూపుడువేలు కింద పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి, చర్మం మీద జార్చకూడదు. అలవాటైతే ఒక్కో వైపు పది నిమిషాలు పట్టదు. ఆ గిన్నెకి మూతేసి చల్లని చోట పెట్టి త్వరగా ఉగ్గుగిన్నెతో పట్టేయొచ్చు. నేనే కొన్ని రోజులు పంపు ఛార్జింగ్ లేక ఇలా చేశాను, ముర్రుపాలకి అయితే మిషన్ కంటే చెయ్యే మేలు. పాలు ఎక్కువగా ఉన్నవాళ్లు పారబోయకండి, హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉంది, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఆ పాలు ప్రాణం.

ఈ మధ్య మా గ్రూపులో ఒకావిడ వాళ్ల పనమ్మాయికి సీమంతం కానుకగా ఈ పంపు కొనిద్దామనుకుంటున్నానని అడిగింది. మంచి మనసే, కానీ ముందు ఆ అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్ ఉందా, పగలు బిడ్డని ఎవరు చూస్తారు, ఇల్లు ఎంత దూరం అని కనుక్కోమన్నాను. ఫ్రిజ్ లేకపోతే ఆ 4,500తో ఆమెకి రెండు నెలల పాటు సగం పూట పని, పూర్తి జీతం ఇవ్వొచ్చు, ఇంకో ఇంటివాళ్లతో కలిస్తే ఇంకా ఎక్కువ కాలం ఇవ్వొచ్చు. బిడ్డని పనికి తెచ్చుకోమని చెప్పి ఒక మూల చాప వేసివ్వడానికి ఆ డబ్బు కూడా అక్కర్లేదు.

కొనేవాళ్లకి చివరి వివరాలు. బిల్లు దాచుకోండి, వారంటీ మోటారుకి మాత్రమే ఉంటుంది, సిలికాన్ భాగాలకి ఉండదు. వాల్వులు రెండు జతలు మొదటి రోజే ఆర్డర్ పెట్టండి. ఆఫీసులో చేరడానికి రెండు మూడు వారాల ముందు నుంచే రోజుకి ఒకసారి వాడి అలవాటు చేసుకోండి, చేరిన రోజు మొదలుపెడితే పాలు రావు. ఆఫర్లు పండగల టైంలో ఎక్కువ వస్తాయి కానీ కాన్పు తేదీ దగ్గరుంటే ఆఫర్ కోసం ఆగొద్దు.